ఒంటికి ఆనే ఉన్ని: చలిలో సైకిలు తొక్కేవారి మెరినో బనీను కథ

నేత ఇంట్లో పుట్టినవాళ్లకు ఒక అలవాటు ఉంటుంది. కొత్త బట్ట చేతికి రాగానే రంగు తర్వాత, ముందు రెండు వేళ్ల మధ్య పెట్టి నలిపి చూస్తాం. పోగు ఏమిటి, కౌంటు ఎంత, నీళ్లలో పడితే ఏమవుతుంది అని మనసులోనే లెక్క వేస్తాం. షోలాపూరులో ఉన్నా, భివండీలో ఉన్నా, బెంగళూరులో ఉన్నా, బరంపురంలో ఉన్నా ఈ అలవాటు మనల్ని వదల్లేదు.

ఇప్పుడు మన పిల్లలు లండన్, మ్యూనిక్, టొరంటో లాంటి ఊళ్లలో చదువుకుంటూ, ఉద్యోగాలు చేసుకుంటూ సైకిళ్ల మీద తిరుగుతున్నారు. చలికాలం రాగానే "మెరినో బేస్ లేయర్ కొన్నాం" అంటారు. బేస్ లేయర్ అంటే ఒంటికి ఆనుకుని లోపల వేసుకునే పొడుగు చేతుల బనీను. దాని ధర విని ఇంట్లో పెద్దవాళ్లు నోరెళ్లబెడతారు. "ఉన్ని బనీనుకు అంత ధరేమిట్రా, గొంగళి కప్పుకుంటే చలి ఆగదా?" అని అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. దానికి జవాబు ఏడెనిమిది వందల ఏళ్ల చరిత్రలో ఉంది. అందులో మన వృత్తికి పనికొచ్చే సంగతులు కూడా ఉన్నాయి.

స్పెయిన్ దాచుకున్న గొర్రె

గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరుకున్నట్టు అని మన సామెత. మన దక్కనీ గొర్రె ఉన్ని ముతక. కురుమవారు ఆ ఉన్నితో గొంగళి నేసి, చింతగింజల గంజి పట్టించి గట్టిపరుస్తారు. వానకు, మంచుకు, పొలం కాపలాకు దానికి సాటి లేదు. కానీ ఒంటికి నేరుగా తగిలితే గుచ్చుతుంది. వెంట్రుక లావు 30 మైక్రాన్లు దాటితే దాని కొన వంగదు, చర్మాన్ని పొడుస్తుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మెరినో బనీన్లకు వాడే వెంట్రుక సుమారు 17 నుంచి 19.5 మైక్రాన్ల లోపల ఉంటుంది. తగిలినప్పుడు వంగిపోతుంది కాబట్టి గుచ్చదు. ధర మొదలయ్యేది ఇక్కడే.

ఈ సన్న ఉన్ని గొర్రె స్పెయిన్ దేశానిది. అక్కడి గొర్రెల యజమానుల సంఘం పేరు మెస్తా. 1273లో పదో అల్ఫోన్సో రాజు దానికి హక్కులు ఇచ్చాడు. మందలు ఎండాకాలం ఉత్తరపు కొండలకు, చలికాలం దక్షిణపు మైదానాలకు నడిచిపోయేవి. ఉన్ని అమ్మారు గానీ, గొర్రెను మాత్రం రాజాజ్ఞ లేకుండా దేశం దాటనివ్వలేదు. 18వ శతాబ్దంలో ఆ కట్టు సడలింది. 1765లో స్పెయిన్ రాజు జర్మనీలోని సాక్సనీకి ఒక మందను పంపాడు. 1786లో ఫ్రాన్సు రాజు పదహారో లూయీ రాంబూయే క్షేత్రానికి మెరినోలను తెప్పించాడు. 1797లో దక్షిణాఫ్రికా నుంచి కొన్ని గొర్రెలు ఆస్ట్రేలియా చేరాయి. అక్కడి గడ్డి మైదానాల్లో అవి లక్షలై, కోట్లై పెరిగాయి. 1836లో మెస్తా రద్దయ్యేనాటికి స్పెయిన్ చేతిలోంచి ఆ వ్యాపారం జారిపోయింది.

మన దగ్గరికీ మెరినో రక్తం వచ్చింది. తమిళనాట నీలగిరి కొండల్లో ఉన్న నీలగిరి జాతి గొర్రెలో స్థానిక కోయంబత్తూరు గొర్రెతో పాటు టాస్మానియా మెరినో కలిసి ఉంది. ఊటీ దగ్గర శాండినల్లాలో ఆ జాతి కోసం పరిశోధనా కేంద్రం ఉంది. రాజస్థాన్‌లోని అవికానగర్‌లో 1962లో మొదలైన కేంద్ర గొర్రెల, ఉన్ని పరిశోధనా సంస్థ భారత్ మెరినో అనే జాతిని తయారుచేసింది.

డాక్టరుగారి సిద్ధాంతం, సైకిలు జోరు

1880 ప్రాంతంలో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో గుస్తావ్ యేగర్ అనే జంతుశాస్త్ర ఆచార్యుడు ఒక వాదం లేవదీశాడు. మనిషి ఒంటి మీద జంతువు నుంచి వచ్చిన పోగే ఉండాలి, నూలు, నార లాంటి చెట్టు పోగులు ఆరోగ్యానికి చెరుపు అన్నాడు. 1884లో లూయిస్ టొమాలిన్ అనే వ్యాపారి ఆయన పేరుతోనే లండన్‌లో ఉన్ని లోదుస్తుల కంపెనీ పెట్టాడు. రచయిత బెర్నార్డ్ షా ఆ ఉన్ని సూటు వేసుకుని తిరిగి పేరు పొందాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే సైకిలు జోరందుకుంది. 1885లో స్టార్లీ రోవర్ సైకిలు, 1888లో డన్‌లప్ గాలి టైరు వచ్చాయి. 1878లో ఇంగ్లండులో మొదలైన సైకిలు యాత్రికుల సంఘం తన సభ్యులకు ఉన్ని బట్టతో యూనిఫారం పెట్టింది. 1903లో మొదలైన టూర్ ద ఫ్రాన్స్ పందెంలోనూ, 1919లో వచ్చిన పసుపు చొక్కాలోనూ ఉన్నిదే రాజ్యం.

యేగర్‌గారి సిద్ధాంతంలో నిజమెంత? నూలు విషం అన్న మాట తప్పు. మన తాత ముత్తాతలు నేసిన నూలు పంచె, చీర కట్టుకుని ఎందరు నూరేళ్లు బతకలేదు! కానీ చలి దేశంలో, చెమట పట్టే పనిలో ఉన్ని మేలు అన్న అనుభవం మాత్రం నిజం. దానికి కారణం పోగులోనే ఉంది.

నూలు తప్పు కాదు, చోటు వేరు

పోగు గాలిలోని తేమను ఎంత పట్టుకుంటుంది అనేదానికి లెక్క ఉంది. నూలు 8.5 శాతం, పట్టు 11, ఉన్ని 16, పాలిస్టర్ 0.4. ఉన్ని తన బరువులో దాదాపు మూడో వంతు తేమను పోగు లోపలికే తీసుకున్నా పైకి తడిగా అనిపించదు. తేమ పీల్చుకునేటప్పుడు కాస్త వేడి కూడా పుట్టిస్తుంది.

సైకిలు మీద జరిగేది ఇదీ. ఎత్తు ఎక్కేటప్పుడు ఒళ్లంతా చెమట. దిగేటప్పుడు తొక్కే పని ఉండదు, ఎదురుగాలి కొడుతుంది. లోపల నూలు బనీను ఉంటే ఆ చెమటను పీల్చి, ఒంటికి అతుక్కుని, ఆరుతూ ఒంట్లోని వేడిని లాగేస్తుంది. మే నెల షోలాపూరు ఎండలో మనకు హాయినిచ్చేది ఈ గుణమే. సున్నా డిగ్రీల చలిలో అదే గుణం మనిషిని వణికిస్తుంది. నూలు మారలేదు, చోటు మారింది.

పాలిస్టర్ తొందరగా ఆరుతుంది, చౌక, గట్టి. కానీ వాసన పట్టేస్తుంది. మెరినోను రెండు మూడు రోజులు వేసుకున్నా అంత వాసన రాదు.

పడిపోయిన పోగు మళ్లీ లేచింది

రసాయన పోగు వచ్చాక ఉన్నికి గడ్డుకాలం వచ్చింది. 1940ల చివర్లో పసుపు చొక్కాలో కృత్రిమ పోగు కలిపితే, లూయిసాన్ బోబే అనే ఫ్రెంచి పందెగాడు అది వేసుకోనని మొండికేశాడు. గంటల తరబడి చెమటలో ఉండేవాడికి ఉన్నే కావాలన్నాడు. కానీ 1970ల తర్వాత పందేల్లో ఉన్ని కనుమరుగైంది. తడిస్తే బరువెక్కి సాగుతుంది, వేడినీళ్లలో వేస్తే ముడుచుకుపోతుంది అనే ఫిర్యాదులు ఉండనే ఉన్నాయి.

ఆస్ట్రేలియాలో రైతుకు కనీస ధర ఇస్తామని సంఘం మిగిలిన ఉన్నిని తానే కొంటూ పోయింది. కొనేవాళ్లు తగ్గారు, గోదాముల్లో 47 లక్షల బేళ్లు పేరుకున్నాయి. 1991 ఫిబ్రవరిలో ఆ పథకం కూలింది. లక్షల గొర్రెలను చంపి పూడ్చారు. ఆ పాత నిల్వ అమ్ముడుపోయేసరికి 2001 వచ్చింది. అమ్ముడుపోని చీరల బేళ్లు సొసైటీ గోదాములో చూసినవాళ్లకు ఈ బాధ వేరే చెప్పనక్కర్లేదు.

మళ్లీ ఎలా లేచింది? రెండు పనుల వల్ల. ఒకటి, ఆస్ట్రేలియా శాస్త్ర పరిశోధనా సంస్థ వెంట్రుక మీది పొలుసులను క్లోరిన్‌తో నున్నగా చేసి, పైన పల్చని రెసిన్ పూత వేసే పద్ధతి తెచ్చింది. దాంతో ఉన్ని మిషన్‌లో ఉతికినా ముడుచుకోదు. రెండోది వ్యాపార పద్ధతి. 1990లలో న్యూజిలాండ్‌లో ఐస్‌బ్రేకర్ లాంటి కంపెనీలు సన్న ఉన్నిని ఒంటికి ఆనే బనీనుగా అమ్మడం మొదలుపెట్టాయి. వేలంలో రోజుకో ధరకు కొనకుండా, రైతులతో ముందే ధర, నాణ్యత మాట్లాడుకుని ఒప్పందాలు చేసుకున్నాయి. "మా పోగు ఈ పనికి, ఈ చలికి" అని కొనేవాడికి విడమరిచి చెప్పాయి.

కొనేటప్పుడు ఏం చూడాలి

మన పిల్లలకు చెప్పదగ్గవి ఇవి. చీటీ మీద మైక్రాన్ చూడాలి, 19.5 లోపల ఉంటే మేలు. తర్వాత చదరపు మీటరు బరువు. 150 గ్రాములది మితమైన చలికి, జోరుగా తొక్కేవారికి. 200 గ్రాములది ఎక్కువ చలికి. 250 గ్రాములది గడ్డకట్టే చలిలో మెల్లగా పోయేవారికి. వదులుగా ఉంటే పని చేయదు, ఒంటికి అంటుకుని ఉండాలి. హ్యాండిల్ మీదికి వంగినప్పుడు నడుము బయటపడకుండా వెనక భాగం పొడుగ్గా ఉండాలి. కుట్లు చదునుగా ఉండాలి, భుజం మీద బ్యాగు పట్టీ ఒరుసుకునే చోట కుట్టు ఉండకూడదు.

నూరు శాతం మెరినో మెత్తన, కానీ తొందరగా చిల్లులు పడుతుంది. కొంచెం నైలాన్ కలిసినది ఎక్కువ కాలం వస్తుంది. కల్తీ అనుకోనక్కర్లేదు, కానీ ఎంత శాతమో చీటీ మీద రాసి ఉండాలి. చల్లనీళ్లలో ఉతికి, పిండకుండా పరిచి ఆరేయాలి. పురుగు పట్టకుండా శుభ్రంగా దాచాలి. గొర్రె తోక దగ్గర చర్మం కోసే మ్యూల్సింగ్ అనే పద్ధతిని న్యూజిలాండ్ 2018లో నిషేధించింది. ఆ పద్ధతి లేని ఉన్ని కావాలంటే చీటీ మీద అదీ చూడవచ్చు.

నూలుకు 840 గజాల చిలప లెక్క మనకు కంఠతా వచ్చు. సన్న ఉన్నికి 560 గజాల లెక్క. పౌనుకు ఎన్ని చిలపలైతే అంత కౌంటు అనే సూత్రం రెండింటికీ ఒకటే. కాబట్టి ఈ విద్య మనకు పరాయిది కాదు. మెరినో రైతుకు గౌరవం దక్కింది జాలి వల్ల కాదు. తన పోగు గుణం ఏమిటో, ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ పనికిరాదో కొనేవాడికి తెలియజెప్పినందువల్ల దక్కింది. "చేనేతను ఆదుకోండి" అని మనం చాలా ఏళ్లుగా అడుగుతున్నాం. దాంతోపాటు ఈ కౌంటు చీర ఏ ఎండకు మేలు, ఈ దుప్పటి ఎన్ని ఉతుకులకు నిలుస్తుంది, ఈ తువ్వాలు ఎంత నీరు పీలుస్తుంది అని మన సరుకు మీద మనమే రాసి అమ్మిన రోజులు తక్కువ. ఆ లెక్కలన్నీ ఇంట్లో పెద్దవాళ్ల వేళ్లలో ఉన్నాయి. వాళ్లు ఉండగానే అడిగి కాగితం మీద పెట్టుకుందాం.