యాభై లక్షల వోల్టుల లోపల

బాటసింగారం, అబ్దుల్లాపూర్‌మెట్ చుట్టుపక్కల కాలేజీల్లో చదివే ఇంజనీరింగ్ పిల్లలు ఉప్పల్ దాటి మేడిపల్లిలోని మన ప్రయోగశాలకు వస్తే, ఆరుబయట నిలిచిన ఇంపల్స్ జనరేటర్ దగ్గర తలెత్తి చూస్తూ ఉండిపోతారు. 50 లక్షల వోల్టులు, 500 కిలోజౌళ్లు! ఆ శక్తినంతా దాచేవి అంతస్తులుగా పేర్చిన కెపాసిటర్లు. మన సంస్థ చరిత్ర చెప్పేటప్పుడు వాటిని ఒక్క మాటతో దాటేయడం నాకు ఎప్పుడూ వెలితిగానే ఉంటుంది.

మన సంస్థ, అంటే కేంద్ర విద్యుత్ పరిశోధన సంస్థ, 1960లో బెంగళూరులో మొదలైంది, 1978లో స్వయంప్రతిపత్తి పొందింది. దేశం 400 కిలోవోల్టుల లైన్లను దాటి 800, 1200 వైపు చూసినప్పుడు, ఆ స్థాయి పరికరాలను పరీక్షించే ఈ ప్రయోగశాల హైదరాబాద్ తూర్పు అంచున వెలిసింది.

పిడుగు తగిలినప్పుడు లైనులో లేచే వోల్టేజీని తయారుచేయడం ఇంపల్స్ జనరేటర్ పని. అది 1.2 మైక్రోసెకన్లలో శిఖరానికి చేరాలి, 50 మైక్రోసెకన్లకు సగానికి దిగాలి. ఉపాయం 1920లలో జర్మన్ ఇంజనీరు ఎర్విన్ మార్క్స్ చెప్పిందే. కెపాసిటర్లన్నిటినీ సమాంతరంగా ఛార్జ్ చేసి, స్పార్క్ గ్యాపుల్లో ఒక్కసారిగా నిప్పురవ్వ దూకేలా చేస్తే అవన్నీ సిరీస్‌లోకి వచ్చి వోల్టేజీలు కలిసిపోతాయి.

ఇలాంటి కెపాసిటర్ లోపల ఉండేవి కొన్ని మైక్రాన్ల మందం అల్యూమినియం రేకులు, వాటి మధ్య క్రాఫ్ట్ కాగితం లేదా పాలీప్రొపిలీన్ ఫిల్మ్, లేదా రెండూ. వాటిని చాపలా చుట్టి, అదిమి బల్లపరుపు చేస్తారు. ఒక్కో చుట్ట తట్టుకునేది కొద్ది కిలోవోల్టులే కాబట్టి చాలా చుట్టలను సిరీస్‌లో పేరుస్తారు. పల్స్ పనికి అసలు కీలకం రేకు అంచుల్లో ఉంది. ఒక రేకును ఒక వైపుకు, మరోదాన్ని రెండో వైపుకు బయటికి పొడుచుకొచ్చేలా చుట్టి, ఆ అంచుల పొడవునా కనెక్షన్ ఇస్తారు. కరెంటు చుట్ట చుట్టూ తిరగకుండా అడ్డంగా దాటిపోతుంది, ఇండక్టెన్స్ తగ్గుతుంది. ఆ తగ్గుదల లేకపోతే మైక్రోసెకన్ల వేగం రాదు.

తర్వాత వేడిచేసి, వాక్యూమ్‌లో తేమంతా లాగేసి, గాలి చొరబడకుండా నూనె నింపుతారు. ఒక్క బుడగ మిగిలినా అక్కడ సన్నని డిశ్చార్జ్ పుట్టి కాగితాన్ని తినేస్తుంది. ఈ నూనెల్లో ఆముదానికి పెద్ద పేరుంది. నల్గొండ, మహబూబ్‌నగర్ మెట్టచేలల్లో పండే ఆముదమే! దాని పర్మిటివిటీ మినరల్ ఆయిల్‌కు దాదాపు రెట్టింపు కాబట్టి అదే చుట్టలో ఎక్కువ ఛార్జ్ పడుతుంది. నిత్యం తిరగబడే ఏసీలో నష్టాలు ఎక్కువై వేడెక్కుతుంది, అందుకే దాని చోటు డీసీలో, పల్స్ పనుల్లో. ఒకప్పుడు ఆ చోటుకు పోటీ వచ్చిన పీసీబీ (పాలీక్లోరినేటెడ్ బైఫినైల్) ద్రవాలను విషతుల్యమని ప్రపంచమంతా పక్కన పెట్టింది. ఆముదం నిలిచింది.

నూనె ఎంత మంచిదైనా, సర్క్యూట్‌లో వోల్టేజీ వెనక్కి ఊగితే లోపలి కాగితం మీద విద్యుత్ ఒత్తిడి అటూ ఇటూ మారి, కెపాసిటర్ ఆయుష్షు తగ్గుతుంది. ఊగకుండా ఆపే రెసిస్టర్ల ఎంపిక అందుకే అంత ఓపికతో జరిగే పని.

డిశ్చార్జ్ చేసి పక్కన పెట్టిన కెపాసిటర్‌లోనూ కాసేపటికి వోల్టేజీ మళ్లీ తలెత్తుతుంది. ఇన్సులేషన్‌లో ఇమిడిపోయిన ఛార్జ్ మెల్లగా బయటికి వస్తుంది. వాడనప్పుడు రెండు టెర్మినళ్ల మధ్య షార్టింగ్ తీగ ఉండాల్సింది ఇందుకే. కొత్తగా చేరే పిల్లలకు వోల్టేజీ అంకెలకంటే ముందు నేర్పాల్సింది ఇదే.

ఇక ఒక విన్నపం. ఆయుష్షు తీరిన కెపాసిటర్ ఒకటి ఉంటే, అందులోని నూనె ఏదో సరిచూసుకుని, జాగ్రత్తగా తీసేసి, నిలువునా కోసి సందర్శకుల గదిలో పెట్టండి. ఆ రేకు అంచులు ఎలా ఉంటాయో పిల్లలు దగ్గర నుంచి చూస్తారు.