మినసోటాలో గంజాయి పార్టీ

మన ఎన్నికల్లో గంజాయి మాట వినపడేది నిర్మూలిస్తామన్న హామీలోనే. అమెరికాలోని మినసోటా రాష్ట్రంలో దాన్ని చట్టబద్ధం చెయ్యాలంటూ 1986లోనే ఒక పార్టీ పుట్టింది. పేరు గ్రాస్‌రూట్స్ పార్టీ. రేగన్ ప్రభుత్వం మత్తుపదార్థాల మీద కఠిన చట్టం తెచ్చిన ఏడాది అది. మినసోటా మాత్రం 1976లోనే, కొద్దిపాటి గంజాయితో దొరికినవాళ్లను జరిమానాతో వదిలేయడం మొదలుపెట్టింది.

పుట్టిన రెండేళ్లకే ఈ పార్టీ ఏకంగా దేశాధ్యక్ష పదవికి జాక్ హెరర్‌ను నిలబెట్టింది. గంజాయి మొక్క మీద పుస్తకం రాసి పేరు తెచ్చుకున్నాయన. ఓట్లు రెండు వేలు కూడా రాలలేదు. 1994లో నవలా రచయిత విల్ షెటర్లీ గవర్నరు పదవికి పోటీచేసి మూడో స్థానంలో నిలిచాడు. 1998లో కొందరు చీలిపోయి ‘లీగల్ మారువానా నౌ’ పెట్టుకున్నారు. ప్రధాన డిమాండు ఒక్కటే అయినా చీలిక తప్పలేదు!

కలిసొచ్చింది 2018లో. అక్కడ రాష్ట్ర ఆడిటర్‌ని కూడా జనమే ఎన్నుకుంటారు. ఆ పదవికి పోటీచేసిన ‘లీగల్ మారువానా నౌ’ అభ్యర్థికి 5 శాతానికి పైగా ఓట్లు పడ్డాయి. ఆడిటర్ ఎవరైతే మనకేంటి అనుకున్నవాళ్లూ వేసి ఉంటారు. దాంతో ‘ప్రధాన పార్టీ’ హోదా దక్కింది. ఇక సంతకాలు సేకరించకుండానే బ్యాలెట్ మీదికి ఎక్కొచ్చు.

చిక్కూ అక్కడే మొదలైంది. ఆ గుర్తింపు మీద ఎవరైనా నామినేషన్ వెయ్యొచ్చు. 2020లో రెండో కాంగ్రెస్ నియోజకవర్గ అభ్యర్థి ఆడమ్ వీక్స్ సెప్టెంబరులో చనిపోయాడు. డెమొక్రాట్ల ఓట్లు చీల్చడానికి రిపబ్లికన్లే తనను దింపారని ఆయన ఓ మిత్రుడికి పంపిన వాయిస్ మెసేజ్ తర్వాత బయటపడింది. వాళ్లు కాదన్నారు. ప్రధాన పార్టీ అభ్యర్థి మరణిస్తే, రాష్ట్ర చట్టం ప్రకారం ఆ ఎన్నిక ఫిబ్రవరికి వాయిదా పడాలి. ఫెడరల్ కోర్టు ఒప్పుకోలేదు, నవంబరులోనే పోలింగ్ జరిగింది. చనిపోయిన మనిషికి 24 వేలకు పైగా ఓట్లొచ్చాయి. డెమొక్రాట్ ఆంజీ క్రెయిగ్ పది వేల లోపు ఆధిక్యంతో గట్టెక్కింది.

ఓట్లు చీలే భయం డెమొక్రాట్లను తొందరపెట్టిందనే నాకనిపిస్తుంది. శాసనసభ రెండు సభలూ చేతికి రాగానే, 2023లో, గంజాయిని వాళ్లే చట్టబద్ధం చేశారు. అదే ఏడాది ప్రధాన పార్టీ హోదాకు కావలసిన ఓట్లను 5 నుంచి 8 శాతానికి పెంచారు. 2024 మార్చిలో ఈ పార్టీ సొంతంగా అధ్యక్ష ప్రైమరీ జరుపుకుంది. మే నెలలో, డెమొక్రాట్ల రాష్ట్ర అధ్యక్షుడు వేసిన పిటిషన్‌పై రాష్ట్ర సుప్రీంకోర్టు దాని హోదా తీసేసింది. పార్టీ నిర్మాణం చట్టం చెప్పినట్టు లేదన్నది కారణం.