రాజుగారి తోడల్లుడు

1288 జూన్ 8న స్పెయిన్‌లోని అల్ఫారో పట్నంలో, నిండు కొలువులో, ఓ పెద్ద దొర రాజు ముందే నోరు పారేసుకున్నాడు. ఆ బూతుమాటను కాస్టీల్ రాజుల చరిత్ర మింగేయకుండా ఉన్నదున్నట్టు దాచిపెట్టింది. దండయాత్రల మధ్య పచ్చి తిట్టొకటి తగిలేసరికి, ఈ మహానుభావుడెవరా అని కూపీ లాగాలనిపించింది.

పేరు లోపే దియాస్ దె హారో. విస్కాయా సీమకు ప్రభువు. ఆ కొలువులోని రాజు నాలుగో సాంచో తన తండ్రి పదో అల్ఫోన్సో మీద తిరగబడినప్పుడు పక్కన నిలిచినవాడు. పైగా రాజుకు తోడల్లుడు. రాణి మరియా దె మోలీనా, లోపే భార్య హువానా ఒకే తండ్రి బిడ్డలు. అది చాలక రాజు తమ్ముడు హువాన్‌కు కూతుర్నిచ్చాడు. చుట్టరికం ఇలా అన్ని వైపులా అల్లుకున్నాక అడగడానికి మొహమాటమెందుకు?

1287లో అన్నీ అడిగాడు, అన్నీ దక్కాయి. కోందే బిరుదు, సేనలో రాజధ్వజం, వాటితోపాటు మయోర్దోమో పదవి. చూడ్డానికి అది రాజుగారి ఇంటి పెత్తనమే. కానీ దివాణం జమాఖర్చులన్నీ ఆ చేతిమీదుగానే నడిచేవి. రాజు మాట తప్పకుండా కోటలు పూచీగా పుచ్చుకున్నాడు. రాజముద్రలుండే కార్యాలయానికి ఒక తాళంచెవి కూడా తీసుకున్నాడు. ఆ ఏడే రాజాదాయంలో చాలా భాగం అబ్రహాం ఎల్ బార్చిలోన్ అనే యూదు వ్యాపారికి గుత్తకు వెళ్లింది. నిషేధించిన సరుకు ఎల్లలు దాటించినవాళ్ల జరిమానాలు కూడా ఆ గుత్తలోవే. దాని వెనక ఉన్నది లోపేనే. మిగతా దొరల కడుపు మండిందంటే మండదూ!

అల్ఫారోలో చర్చ ఫ్రాన్స్‌తో పొత్తా, అరగాన్‌తోనా అని. రాజు మధ్యలో లేచి బయటికెళ్లాడు. తిరిగొచ్చి, నా కోటలు నాకిచ్చేదాకా మీరిద్దరూ కదలడానికి వీల్లేదన్నాడు మామా అల్లుళ్లతో. లోపే తిట్టిన తిట్టు అప్పటిదే. కత్తి దూసి రాజు మీదికి నడిచాడు. పక్కనున్నవాళ్లు కత్తి పట్టిన చేతిని నరికేశారు, తర్వాత గదతో మోది చంపేశారు. అల్లుడు రాణి గదిలోకి పరిగెత్తాడు. ఆవిడ అడ్డుపడకపోతే ఆ ప్రాణమూ పోయేదే. కొద్ది నెలలకే సాంచో, లోపే వంశానికి పేరిచ్చిన హారో పట్నంలోనే సభ పెట్టి ఆ గుత్తను రద్దు చేశాడు!

ఇదంతా చెప్పే కాస్టీల్ రాజుల చరిత్ర 14వ శతాబ్దం నడిమికాలంలో, అదీ రాజుగారి మనుమడి కొలువులో రాసినది. కాబట్టి కత్తి ముందు ఎవరు దూశారన్న దగ్గర నేను దాన్ని పూర్తిగా నమ్మను.

తర్వాతి కథ వంశ తగాదా. విస్కాయా కోసం లోపే తమ్ముడు దియేగో, కూతురు మరియా ఏళ్ల తరబడి పోట్లాడుకున్నారు. ఆ దియేగోనే 1300లో బిల్బావ్ పట్నానికి పునాది పత్రం ఇచ్చాడు, ఇప్పుడక్కడ అతని విగ్రహముంది. 1379లో ఆ సీమ రాజవంశంలో కలిసిపోయింది.

హారో వంశపు గుర్తు నోట గొర్రెపిల్లల్ని కరచుకున్న రెండు తోడేళ్లు. విస్కాయా చిహ్నంలో చెట్టు పక్కన శతాబ్దాలపాటు తోడేళ్లు ఉండేవి, 1986లో తీసేశారు. చెట్టు మిగిలింది. నన్నడిగితే వాటిని ఉంచాల్సింది. తోడేళ్లు ఏలిన రోజులు కూడా ఆ సీమ చరిత్రే.