కేప్‌టౌన్ నీటి పొదుపు: ధర, భయం, పచ్చచుక్క

దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నగరాన్ని 2015 నుంచి మూడేళ్లపాటు అనావృష్టి పీడించింది. నగరానికి నీరిచ్చే జలాశయాలలో అతి పెద్దదైన తీవాటర్స్‌క్లూఫ్ అడుగంటింది. కుళాయిలు కట్టివేయవలసిన దినానికి పాలకులు ‘డే జీరో’ అని పేరుపెట్టి, 2018 ఏప్రిల్‌లో తేదీని సైతం ప్రకటించారు. ఫిబ్రవరి 1 నుంచి మనిషికి రోజుకు 50 లీటర్ల పరిమితి అమలయింది.

ధర అంతకుముందే మారింది. ప్రతి ఇంటికీ నెలకు ఉచితంగా అందిన 6,000 లీటర్లు 2017 జూలై నుంచి నిరుపేద కుటుంబాలకే పరిమితమయ్యాయి. తక్కినవారికి వాడకంతోపాటు వెల కూడా అంచెలంచెలుగా పెరిగింది.

2018 జనవరిలో నగరపాలక సంస్థ ఇళ్లవారీ పటాన్ని అంతర్జాలంలో ఉంచింది. నెలకు 6,000 లీటర్లలోపు వాడిన ఇంటికి ఒక ఛాయలో పచ్చ చుక్క, 10,500 లోపైతే మరో ఛాయలో. మితిమీరినవారిపై ఏ గుర్తూ లేదు; అయినా చుక్క లేని ఇల్లు ఇరుగుపొరుగు కంట పడకపోదు. ఇంటి గుట్టు రచ్చకెక్కిందన్న విమర్శ సహేతుకమే.

2015 ఆరంభంలో రోజుకు సుమారు 120 కోట్ల లీటర్లున్న నగర వినియోగం 2018 నాటికి 50 కోట్ల దరిదాపులకు దిగింది. ఇందులో ధర పాలెంత, భయం పాలెంత, చుక్క పాలెంత అని విడదీయడం సాహసమే. గొట్టాలలో ఒత్తిడి తగ్గించడమూ తోడయింది. మురికివాడల వాటా మొదటినుంచీ స్వల్పమే. ఉమ్మడి కుళాయి వద్ద బిందెలతో నిలబడేవారికి ‘డే జీరో’ కొత్త భయం కాదు, నిత్యకృత్యం.

వాడకం తగ్గడంతో రాబడి పడిపోయింది. 2018 జూలై నుంచి గొట్టం పరిమాణాన్ని బట్టి నెలసరి స్థిర రుసుము వచ్చింది. నిరుపేదలను మినహాయిస్తే, పచ్చచుక్క సంపాదించిన ఇంటికీ అది తప్పలేదు.