డయాటమ్‌లు, సూక్ష్మ శైవలాల వర్గీకరణ

చెరువు నీటి పచ్చదనానికి, ఏటి రాళ్ల మీది గోధుమ రంగు పాకుడుకు కారణమైన ఏకకణ జీవులను, వాటికి దగ్గరగా ఉండే అతి చిన్న జీవులను సూక్ష్మ శైవలాలంటారు. హైదరాబాద్ శివారు బోడుప్పల్‌కు దక్షిణాన, నాగోలు మీదుగా పారే మూసీ నదిలో వీటి అధ్యయనం పాతదే. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన వి. వెంకటేశ్వర్లు కాలుష్యం దృష్టితో చేసిన మూసీ శైవలాల పరిశీలన 1969 నుంచి ‘హైడ్రోబయోలజియా’ పత్రికలో వరుస వ్యాసాలుగా వచ్చింది. అంతకుముందే, 1964లో, ఎ.ఆర్. జాఫర్ హైదరాబాద్ చేపల చెరువుల శైవలాల గురించి అదే పత్రికలో రాశారు.

సూక్ష్మ శైవలాలను మొదట రంగును బట్టే విడదీశారు. నీలి-ఆకుపచ్చ రకాలకు కేంద్రకం లేదు, అవి బాక్టీరియా. ఆకుపచ్చ శైవలాల్లో క్లోరోఫిల్ ఎ, బి ఉంటాయి. గోధుమ రంగు పాకుడులో కనిపించే డయాటమ్‌లలో బి బదులు సి ఉంటుంది, గోధుమ వన్నె ఫ్యూకోజాంథిన్‌ది. ఆ లెక్కన వీటికి చుట్టాలు సముద్రపు గోధుమ శైవలాలే. అయితే రంగును పూర్తిగా నమ్మలేం: పచ్చగా కనిపించే యూగ్లీనాకు అతినిద్ర వ్యాధి కలిగించే ట్రిపనోసోమా దగ్గరి బంధువు.

డయాటమ్‌కు గుర్తింపు దాని సిలికా కవచమే. కుంకుమ భరిణెలా రెండు భాగాలు, ఒకదాని అంచు మరొకదాని మీదికి వస్తుంది. ఆమ్లంతో జీవపదార్థాన్ని తొలగించి, మిగిలిన కవచాన్ని గాజు పలక మీద జిగురులో బిగించి చూస్తారు. సైక్లోటెల్లా వంటివి గుండ్రం; నావిక్యులా, నిట్జ్షియా పొడవు. ఈ పొడవాటి వాటిలో చాలావాటికి కవచం మీద రాఫే అనే చీలిక ఉంటుంది. నావిక్యులాకు అది మధ్యన, నిట్జ్షియాకు అంచున. పది మైక్రోమీటర్లలో ఎన్ని చారలున్నాయో కూడా లెక్కిస్తారు.

పొడవు మాత్రం మోసం చేస్తుంది. కణం విభజన చెందినప్పుడు ప్రతి పిల్లకణం పాత సగాన్ని తీసుకుని, దాని లోపల ఇమిడే కొత్త సగాన్ని తయారుచేసుకుంటుంది. అందుకే చిన్న సగం దక్కిన సంతతి తరతరానికీ కుదించుకుపోతుంది. సాధారణంగా లైంగిక పునరుత్పత్తితోనే తిరిగి పూర్తి పరిమాణానికి వస్తుంది. ఇది పట్టించుకోకపోతే ఒకే జాతికి రెండు పేర్లు పడతాయి.

రౌండ్, క్రాఫర్డ్, మాన్ 1990లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ ఆధారాలతో డయాటమ్‌లను మూడు తరగతులుగా అమర్చారు. తర్వాత డీఎన్‌ఏ పరీక్షలు గుండ్రనివన్నీ ఒకే శాఖ కాదని తేల్చాయి. మురికినీటిని తట్టుకునే జాతిగా పేరున్న నిట్జ్షియా పాలియాలోనూ కవచం చూసి విడదీయలేని పలు వంశాలు బయటపడ్డాయి. నీటి నాణ్యత అంచనాకు ఈ పేరునే వాడేవారికి ఇది చిన్న చిక్కు కాదు. పాత అధ్యయనాల జాబితాలోని పేరును సరిచూడాలంటే, అప్పటి గాజు పలకో నమూనాయో దొరకాలి.