చెరకు తోటల మధ్య చవిండా

హైదరాబాదు సంస్థాన సేనాధిపతి ఎల్ ఎడ్రూస్ 1948 సెప్టెంబరు 18న మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురికి లొంగిపోయారు. పోలీసు యాక్షన్ గురించి నాలుగు పేజీలు చదివిన తెలుగువాళ్లెవరికైనా తెలిసిన ఘట్టమే అది. చౌధురి అప్పుడు మొదటి ఆర్మర్డ్ డివిజన్‌కు అధిపతి. ఓడిపోయిన నిజాం సైన్యంలో, హైదరాబాదు లాన్సర్స్ దళంలో, పాతికేళ్ల పార్సీ ఆఫీసరు ఒకరున్నారు. పేరు ఆర్దేషిర్ బుర్జోర్జీ తారాపూర్. పదిహేడేళ్ల తర్వాత, మళ్లీ సెప్టెంబరులోనే, ఆయన అదే డివిజన్‌లో ఒక ట్యాంకు రెజిమెంటుకు కమాండరుగా పాకిస్తాన్ గడ్డ మీద అడుగుపెట్టారు. అప్పటికి భారత సైన్యాధ్యక్షుడు చౌధురే.

తారాపూర్ ట్యాంకుల్లోకి రావడానికీ హైదరాబాదే కారణం. మొదట ఆయన సంస్థానం పదాతిదళంలో పనిచేసేవారు. ఒకసారి గ్రెనేడ్లు విసిరే శిక్షణలో ఓ కొత్త సిపాయి విసిరిన గ్రెనేడ్ గురి తప్పి వాళ్లున్న చోటే పడింది. తారాపూర్ దూకి దాన్ని తీసి అవతలికి విసిరారు. అది అంతలోనే పేలి ఆయన ఛాతీలో ముక్కలు దిగాయి. అక్కడే ఉండి కళ్లారా చూసిన ఎల్ ఎడ్రూస్ పిలిచి మెచ్చుకుంటే, యువకుడు అడిగిన కోరిక ఒక్కటే: కవచ వాహనాల దళానికి బదిలీ. అలా లాన్సర్స్‌లోకి వెళ్లారు. సంస్థానం విలీనమయ్యాక 1951లో భారత సైన్యంలోని పూనా హార్స్ అనే ట్యాంకు రెజిమెంటులో చేరారు.

తారాపూర్ పోరాడిన 1965 భారత్-పాకిస్తాన్ యుద్ధానికి పాఠ్యపుస్తకాలు ఒక పేరా ఇస్తాయి. అందులో సియాల్‌కోట్ రంగానికి దక్కేది ఒక వాక్యం, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జరిగిన అతి పెద్ద ట్యాంకు పోరాటాల్లో ఒకటి అని. నిజంగా ఏం జరిగిందో తెలియాలంటే రోజు రోజునీ, ఊరు ఊరునీ వివరించే యుద్ధ చరిత్రలు పట్టుకోవాలి. పశ్చిమ రంగానికి నాయకత్వం వహించిన హర్బక్ష్ సింగ్ రాసిన 'వార్ డెస్పాచెస్' ఉంది. ఎదురుగా పోరాడిన పాకిస్తాన్ ఆరో ఆర్మర్డ్ డివిజన్ అధిపతి అబ్రార్ హుస్సేన్ రాసిన 'మెన్ ఆఫ్ స్టీల్' ఉంది. ఒక మ్యాపు పక్కన పరుచుకుని రెండింటినీ కలిపి చదవడం మంచిది.

సెప్టెంబరు 8న సియాల్‌కోట్ రంగంలో భారత మొదటి ఆర్మర్డ్ డివిజన్ సరిహద్దు దాటింది. ముందు వరసలో పూనా హార్స్‌తో పాటు 16 లైట్ కావల్రీ ఉంది. మద్రాసు సైన్యం నాటి పాత రెజిమెంటు అది, దక్షిణాది జవాన్లది. గడ్‌గోర్ దగ్గర వీళ్లకు అడ్డుపడింది పాకిస్తాన్ 25 కావల్రీ, అంటే పలచగా పరుచుకున్న ఒకే ఒక్క ట్యాంకు రెజిమెంటు. భారత కమాండర్లు అక్కడ ఇంకా పెద్ద బలగం ఉందని లెక్కవేసి ఆగిపోయారు. 9, 10 తేదీలు అలాగే గడిచాయి. ఆ రెండు రోజుల్లో అవతలి వాళ్లు కావలసినంత బలం కూడగట్టుకున్నారు. హర్బక్ష్ సింగ్ ఈ డివిజన్ నాయకత్వాన్ని తన పుస్తకంలో దాచకుండా దుయ్యబట్టారు. తర్వాత చిందిన రక్తంలో పెద్ద వాటా ఈ ఆగడం వల్ల పోయిందేనని చదువుతున్నకొద్దీ రూఢి అవుతుంది.

సెప్టెంబరులో అక్కడ చెరకు మనిషిని మించి ఎదిగి ఉంటుంది. భారత సెంచూరియన్ ట్యాంకులో నలుగురు. తలుపు మూసుకుంటే కమాండరుకు కనిపించేది పెరిస్కోపులోని సన్నటి ముక్క మాత్రమే. చెరకులో పాకిస్తాన్ ప్యాటన్ ట్యాంకు ఎక్కడ నక్కిందో పసిగట్టాలంటే తల, భుజాలు పైకి పెట్టి నిలబడక తప్పదు. ఫిరంగి గుండ్ల పెంకులు ఎగిరే చోట అలా నిలబడడమంటే ఏమిటో పాఠకుడు ఒక్క నిమిషం ఊహించుకోవాలి.

11న ఫిల్లోరా భారత్ వశమైంది. ఆ పోరులో గాయపడిన తారాపూర్ వెనక్కి వెళ్లడానికి ఒప్పుకోలేదు. 14న ఆ రంగంలోనే ఉన్న చవిండా అనే ఊరి మీద దాడి ఫలించలేదు. 16న చవిండాను చుట్టుముట్టాలని జస్సోరాన్, బుత్తూర్ డోగ్రాండి అనే రెండు పల్లెల మీదికి వెళ్లారు. బుత్తూర్ డోగ్రాండిలో 8 గఢ్వాల్ రైఫిల్స్ పదాతిదళం, అండగా పూనా హార్స్ ట్యాంకులు. గఢ్వాల్ కమాండర్ లెఫ్టినెంట్ కర్నల్ జిరాద్ భారతీయ యూదుడు. ఆయన ఆ రోజే నేలకొరిగారు. ఆ సాయంత్రమే ఫిరంగి గుండు తారాపూర్‌ను బలిగొంది. జిరాద్ స్థానంలో బాధ్యత తీసుకున్న మేజర్ అబ్దుల్ రఫీ ఖాన్ మర్నాడు మరణించారు. ఒక యూదుడు, ఒక పార్సీ, ఒక ముస్లిం, ఇరవై నాలుగు గంటలు అటూ ఇటూగా, ఒకే పల్లె కోసం. సంక్షిప్త చరిత్రల్లో ఈ ముగ్గురి పేర్లూ ఒకచోట కనబడవు.

తారాపూర్‌కు మరణానంతరం పరమవీరచక్ర ఇచ్చారు. ఆయన రెజిమెంటు తొమ్మిది ట్యాంకులు పోగొట్టుకుని సుమారు అరవై శత్రు ట్యాంకుల్ని ధ్వంసం చేసిందని ఆ ప్రశంసాపత్రం చెబుతుంది. శత్రువు నష్టం గురించి ఏ సైన్యం చెప్పే అంకెనైనా కాస్త ఆచితూచే తీసుకోవాలి. ఆయన ధైర్యానికి మాత్రం ఆ అంకెలతో పని లేదు.

ఇంత మూల్యం చెల్లించిన బుత్తూర్ డోగ్రాండిని నిలబెట్టుకోలేక వదిలేశారు. 18వ తేదీ రాత్రి ఆరో మౌంటెన్ డివిజన్‌ను చవిండా మీదికి పంపారు. పేరులోనే ఉన్నట్టు కొండల్లో పోరాడడానికి తయారైన దళం అది. ఆ దాడీ విఫలమైంది. 23న కాల్పులు ఆగాయి. చవిండా చేతికి రానేలేదు.

తను పోతే యుద్ధభూమిలోనే దహనం చేయాలని తారాపూర్ తోటి ఆఫీసరుకు ముందే చెప్పి ఉంచారు. సహచరులు ఆయన మాట మన్నించి, పోరు సాగుతున్న ఆ నేల మీదే చితి పేర్చారు. 1966 జనవరి 10న తాష్కెంట్‌లో కుదిరిన ఒప్పందం ప్రకారం ఉభయ సైన్యాలూ పాత చోట్లకు వెనుదిరిగాయి. హైదరాబాదు లాన్సర్స్‌లో ట్యాంకుల పని నేర్చిన ఆ మనిషి చితి కాలిన పొలం ఇప్పుడు సరిహద్దుకు అవతల ఉంది.