మోటార్‌సైకిల్ తిన్నగా ఎలా పోతుంది?

విద్యార్థులారా! ఢిల్లీలోని సాకేత్ దక్షిణపు అంచున మెహ్రోలీ-బదర్‌పూర్ రోడ్డు ఉంది. దాని మీద తూర్పుగా వెళ్లి బదర్‌పూర్ దాటితే ఫరీదాబాద్ వస్తుంది. పల్లెల్లో పాల క్యానులు మోసిన రాజ్‌దూత్ మోటార్‌సైకిళ్లను ఎస్కార్ట్స్ సంస్థ అక్కడే తయారుచేసింది. పాత రాజ్‌దూత్ ముందు భాగాన్ని ఎప్పుడైనా గమనించారా? ఒక గొట్టంలోకి మరొక గొట్టం దిగే ఫోర్కు దానికి ఉండదు. ముందు చక్రం పైకీ కిందికీ ఊగే ఒక చేతికి అమర్చి ఉంటుంది. ఈ తేడా ఎందుకు ముఖ్యమో తెలియాలంటే ముందుగా ఒక చిన్న కొలతను అర్థం చేసుకోవాలి.

హ్యాండిల్ ఏ అక్షం చుట్టూ తిరుగుతుందో ఆ అక్షాన్ని ఒక గీతగా ఊహించి, నేల వరకు పొడిగించండి. టైరు నేలను తాకే చోటుకు కొంచెం ముందుగా ఆ గీత నేలను చేరుతుంది. ఈ రెండింటి మధ్య దూరమే ట్రెయిల్. మోటార్‌సైకిళ్లలో ఇది సాధారణంగా 80 నుంచి 120 మిల్లీమీటర్లు. ఆసుపత్రి స్ట్రెచర్‌ను తోస్తే దాని చిన్న చక్రాలు వెనక్కి తిరిగి వరుసలోకి వస్తాయి కదా! ఇక్కడా అదే సూత్రం. ట్రెయిల్ ఎక్కువైతే బండి నిలకడగా పోతుంది, కాని మలుపులో బరువుగా తిరుగుతుంది. తక్కువైతే చటుక్కున తిరుగుతుంది, కాని వేగంలో హ్యాండిల్ వణకవచ్చు.

తొలినాటి బండ్లలో చాలావాటికి వెనుక చక్రాన్ని నేరుగా చట్రానికే బిగించేవారు. కుదుపులకు సీటు కింది స్ప్రింగులే దిక్కు. 1935లో బి.ఎం.డబ్ల్యు. ఆర్12 బండికి నూనెతో డోలనాలను అణచే టెలిస్కోపిక్ ఫోర్కు వచ్చింది. 1948లో రాయల్ ఎన్‌ఫీల్డ్ సంస్థ, వెనుక చక్రం కూడా ఊగే చేతి మీద నిలిచే బుల్లెట్‌ను పోటీలలో పరీక్షించింది. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడటంతో ఆ బుల్లెట్ మన దేశంలోనే తయారుకావడం మొదలైంది.

సుఖంతో పాటు ఒక చిక్కు కూడా వచ్చింది. స్ప్రింగు నొక్కుకుంటే ట్రెయిల్ మారుతుంది. ముందు బ్రేకు గట్టిగా వేస్తే టెలిస్కోపిక్ ఫోర్కు కుంగి, ట్రెయిల్ తగ్గుతుంది. పోలండ్ ఎస్.హెచ్.ఎల్. బండి నమూనాతో వచ్చిన రాజ్‌దూత్‌లో ఊగే చేయి ఆ కుంగుబాటును తగ్గించేది.

అసలు బండిని నిలబెట్టేది ఏమిటి? చక్రాల భ్రమణమేనని చాలామంది నమ్మేవారు. 1970లో డేవిడ్ జోన్స్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త, ముందు చక్రం పక్కన ఎదురు దిశలో తిరిగే మరో చక్రాన్ని బిగించి సైకిలు తొక్కాడు. సైకిలు పడలేదు! ట్రెయిల్‌ను మార్చినప్పుడు మాత్రం దాన్ని అదుపు చేయడం బహు కష్టమైంది. 2011లో కార్నెల్, డెల్ఫ్ట్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు మరో అడుగు వేశారు. భ్రమణ ప్రభావాన్ని రద్దుచేసి, ట్రెయిల్‌ను కొద్దిగా రుణాత్మకం చేసినా, బరువు పంపిణీ సరిగా ఉంటే సైకిలు తనంతట తానే నిలబడగలదని చూపారు. అంటే ఏ ఒక్కటో కారణం కాదు. అన్నీ కలిసి పనిచేస్తాయి.

ఇది మీకు పనికివచ్చే పాఠమే. వెనుక అమ్మను కూర్చోబెట్టుకుంటే బండి వెనుక భాగం కుంగుతుంది, ముందు భాగం తేలికవుతుంది. అప్పుడు షాక్ అబ్జార్బర్ మీది మెట్ల రింగును ఒకటి రెండు మెట్లు బిగించండి. దీనివల్ల స్ప్రింగు గట్టిపడదు; వెనుక భాగం తిరిగి పైకి లేస్తుంది, అంతే. ఫోర్కు గొట్టాలను బిగింపుల్లో పైకి జరిపితే ముందు భాగం దిగి, ట్రెయిల్ తగ్గుతుంది. అందం కోసం స్ప్రింగులు కోయించేవారు గుర్తుంచుకోవలసింది ఇదే.

ఏ మార్పు చేసినా ముందు టైర్లలో గాలి చూసుకోండి. ఒకసారికి ఒక్కటే మార్చండి, పాత కొలతను కాగితం మీద రాసుకోండి, ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా నడిపి చూడండి. ప్రయోగశాలలో మీరు పాటించే నియమం ఇదే. ఇక్కడ ఆ నియమం మీద ఆధారపడినవి మార్కులు కావు, వెనుక కూర్చున్నవారి ప్రాణం.